సెల్‌ఫోను నిషేధం - న్యూయార్కు బళ్ళ ముప్ఫయ్యేడేళ్ళ కథ

2012 ప్రాంతంలో న్యూయార్కు యూనియన్ స్క్వేర్ దగ్గర, వాషింగ్టన్ ఇర్వింగ్ హైస్కూలు ఉన్న భవనం బయట రోజూ పొద్దున్నే ఒక వ్యాను వచ్చి ఆగేది. టిఫిన్ బండేమో అనుకునేరు, కాదు. పిల్లలు వ్యాను కిటికీ ముందు వరసలో నిలబడి, సెల్‌ఫోను లోపలికిచ్చి, ఒక డాలరు కట్టి, టోకెన్ తీసుకుని బళ్ళోకి వెళ్ళేవాళ్ళు. సాయంత్రం మళ్ళీ వరస, టోకెన్ ఇచ్చి ఫోను పుచ్చుకోవడం. మన సినిమా హాళ్ళ దగ్గర సైకిల్ స్టాండు ఎలాగో అచ్చం అలాగే. ఇలాంటి వ్యాన్లు ఊళ్ళో చాలా స్కూళ్ళ ముందు ఉండేవి. వ్యాను లేనిచోట వీధి చివర కిరాణా కొట్టువాడే ఆ వ్యాపారం చేసేవాడు.

తిరుమలలో దర్శనానికి వెళ్ళేటప్పుడు మనం కూడా ఫోను డిపాజిట్ చేస్తాం కదా, ఇందులో వింతేముంది అంటారా? ఉంది. తిరుమలలో ఫోను వద్దన్నది దేవస్థానం, కౌంటరు పెట్టి, రసీదిచ్చి, డబ్బు తీసుకోకుండా దాచిపెట్టేదీ దేవస్థానమే. న్యూయార్కులో వద్దన్నది ప్రభుత్వం. దాచే బాధ్యత మాత్రం పద్నాలుగేళ్ళ పిల్లాడిది, దాచిన కూలీ వాడి జేబులోంచి.

క్లాసులో సెల్‌ఫోన్లు ఉండాలా వద్దా అన్న చర్చ ఇప్పుడు ప్రపంచమంతా మళ్ళీ మొదలైంది. మన ఆఫీసు టీ బ్రేకుల్లో కూడా పిల్లలున్నవాళ్ళు ఇద్దరు కలిస్తే ఇదే గోల. "వద్దు" అనేవాళ్ళకీ "పాపం ఉండనీండి" అనేవాళ్ళకీ బోలెడు కారణాలున్నాయి. ఆ వాదన జోలికి నేను పోవట్లేదు. న్యూయార్కు నగరం 1988లో నిషేధించింది, 2015లో ఎత్తేసింది, 2025లో మళ్ళీ (ఈసారి రాష్ట్రం మొత్తానికి) నిషేధించింది. ఒకే ఊరు, ఒకే రకం బళ్ళు, రెండు నిషేధాలు. మొదటిదానికీ రెండోదానికీ తేడా ఏంటో చూస్తే, "ఉండాలా వద్దా" కన్నా ముందు అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయని నాకనిపించింది.

1988లో పిల్లల దగ్గర సెల్‌ఫోన్లెక్కడివి? అప్పట్లో భయమంతా బీపర్ల గురించి. మనవాళ్ళు పేజర్ అనేవాళ్ళే, నడుముకి కట్టుకునే చిన్న డబ్బా. మన దగ్గర అది 90ల్లో మెడికల్ రెప్పులూ డాక్టర్లూ పెట్టుకుని తిరిగేసరికే సెల్‌ఫోనొచ్చి మింగేసింది కాబట్టి, మా వయసు వాళ్ళం చాలామంది సినిమాల్లో తప్ప చూసి ఉండం. కానీ 80ల చివర్లో అమెరికా నగరాల్లో క్రాక్ కొకైన్ అమ్మకం విపరీతంగా ఉండేది, అమ్మేవాళ్ళ చేతిలో బీపరు ఉండేది, ఆ అమ్మేవాళ్ళలో స్కూలు పిల్లలూ ఉండేవాళ్ళు. కాబట్టి బీపరు ఉన్న కుర్రాడంటే అనుమానం. చాలా రాష్ట్రాలు ఆ ఊపులోనే నియమాలు రాశాయి. కాలిఫోర్నియా చట్టమే చేసింది. న్యూయార్కు విద్యాశాఖ "బీపర్లు, ఇతర సమాచార పరికరాలు" బడిలోకి తేకూడదంది.

ఆ "ఇతర సమాచార పరికరాలు" అన్న ముక్కే తర్వాత కథంతా నడిపింది. మన పనిలో ఇది చూస్తూనే ఉంటాం. ఎప్పుడో ఎవడో ఏదో ఒక కస్టమర్ కోసం ఒక ఇఫ్ కండిషన్ రాసి వెళ్ళిపోతాడు. ఆ కస్టమరూ ఉండడు, రాసినవాడూ ఉండడు, కోడు మాత్రం ప్రొడక్షన్లో నడుస్తూనే ఉంటుంది. ఇరవయ్యేళ్ళ తర్వాత దానికి ఇంకెవరో బలవుతారు. మత్తుమందులమ్మే కుర్రాళ్ళ కోసం రాసిన నియమం, స్కూలు వదలగానే "అమ్మా, ట్రైన్ ఎక్కాను" అని చెప్పే ఆరో తరగతి పిల్లకి వచ్చి తగిలింది.

మధ్యలో రెండు సంఘటనలు ఫోను మీద పెద్దవాళ్ళ అభిప్రాయాన్నే మార్చేశాయి. 1999 ఏప్రిల్లో కొలరాడోలో కొలంబైన్ హైస్కూలు కాల్పులు. 2001 సెప్టెంబర్ 11. వరల్డ్ ట్రేడ్ సెంటర్‌కి కొన్ని వీధుల అవతలే స్టైవెసెంట్ హైస్కూలు ఉంది, ఆ రోజు పిల్లల్ని హడావిడిగా ఖాళీ చేయించి పంపించారు. పిల్లాడి చేతిలో ఫోనంటే అప్పటిదాకా అనుమానం. ఆ తర్వాత అదే తల్లిదండ్రులకి ధైర్యం. కాలిఫోర్నియా 1988 నాటి తన చట్టాన్ని 2002లో మార్చుకుని, 2003 నుంచి ఏ జిల్లా ఇష్టం ఆ జిల్లాకి వదిలేసింది. న్యూయార్కు మాత్రం నియమాన్ని ముట్టుకోలేదు. అలాగని అమలూ చెయ్యలేదు. ఫోను బ్యాగులో ఉంచుకో, నా కంట పడనివ్వకు, నేను చూడను - ఇదీ టీచర్లకీ పిల్లలకీ మధ్య అలిఖిత ఒప్పందం. నిజం చెప్పాలంటే ఆ ఏర్పాటు బాగానే నడిచింది.

ఇది 2006 ఏప్రిల్లో చెడింది. అప్పుడు మేయరు మైఖేల్ బ్లూమ్‌బర్గ్, స్కూళ్ళ ఛాన్సలర్ జోయెల్ క్లైన్. 2002 నుంచి స్కూళ్ళు నేరుగా మేయరు చేతికిందకి వచ్చాయి, పదకొండు లక్షల మంది పిల్లలు. స్కూళ్ళలోకి కత్తులు, తుపాకులు రాకుండా ఉండటానికని ముందు చెప్పకుండా ఏదో ఒక స్కూలుకెళ్ళి మెటల్ డిటెక్టర్లతో తనిఖీ చెయ్యడం మొదలుపెట్టారు. ఆయుధాల కోసం వేసిన వల. అందులో పడిందేమిటయ్యా అంటే ఫోన్లు. వేల ఫోన్లు. మిషను కుయ్యిమనగానే బ్యాగు తియ్, ఫోను తియ్, ఇక్కడ పెట్టు. తల్లో తండ్రో పని మానుకుని వచ్చి సంతకం పెడితేగానీ తిరిగివ్వరు.

తల్లిదండ్రులు మండిపడ్డారు. ఎందుకు మండిపడ్డారో అర్థం కావాలంటే ఆ ఊళ్ళో పిల్లలు స్కూలుకి ఎలా వెళ్తారో తెలియాలి. అమెరికా అనగానే మనకి పసుపుపచ్చ స్కూలు బస్సు గుర్తొస్తుంది. న్యూయార్కులో పై తరగతుల పిల్లలు ఎక్కువమంది సబ్‌వేలో, సిటీ బస్సుల్లో వెళ్తారు. హైస్కూలు ఇంటి పక్కనే దొరకాలని లేదు, సీటు ఎక్కడొస్తే అక్కడికే. క్వీన్స్‌లో ఉండే పిల్ల మన్‌హాటన్‌లో చదవొచ్చు, గంటకి పైగా ప్రయాణం, రెండు ట్రైన్లు మారాలి. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలు. అలాంటి పిల్ల చేతిలో ఫోను వద్దంటే ఏ తల్లి ఊరుకుంటుంది?

ఎనిమిదిమంది తల్లిదండ్రులు 2006లోనే కోర్టుకెళ్ళారు. 2007లో కింది కోర్టు, 2008లో పై కోర్టు, రెండూ ప్రభుత్వం వైపే తీర్పిచ్చాయి. ఆ తీర్పు సారాంశం నాకు ఆసక్తిగా అనిపించింది. తల్లిదండ్రుల లాయరు వాదన ఏంటంటే, వాడకం నిషేధించండి, వెంట ఉంచుకోవడం నిషేధించొద్దు అని. కోర్టేమో, వాడకం మాత్రమే నిషేధిస్తే ఎవరు వాడుతున్నారో కనిపెట్టడానికి టీచరు పాఠం మానేసి కాపలా కాయాలి, కాబట్టి మొత్తంగా తేవద్దనడం సహేతుకమే అంది. బడికి ముందూ తర్వాతా మీరు మీ పిల్లలతో మాట్లాడుకోకుండా ఈ నియమం ఆపట్లేదు కదా అని కూడా అంది. తర్కం ప్రకారం తప్పులేదు. కాకపోతే, ట్రైనులో ఉండొచ్చు, బడిలో ఉండకూడదు అంటే మధ్యలో ఆ ఏడుగంటలు ఆ వస్తువు ఎక్కడుండాలి? గాల్లోనా?

2007లో సిటీ కౌన్సిల్ మరీ తమాషా పని చేసింది. పిల్లలు స్కూలుకి వచ్చేటప్పుడూ వెళ్ళేటప్పుడూ ఫోను దగ్గర ఉంచుకోవచ్చని చట్టం చేసింది. మేయరు వీటో చేశాడు, కౌన్సిల్ ఆ వీటోని కొట్టేసి చట్టాన్ని నెగ్గించింది. అయినా ఏమీ మారలేదు. గుమ్మం దాకా తెచ్చుకో, కాదన్నదెవరు, గుమ్మం లోపలికి రానివ్వం - అంది విద్యాశాఖ. ఆ గుమ్మం దగ్గరే వ్యాన్లు వెలిశాయి.

ఇక్కడొక ముఖ్యమైన సంగతుంది. నిషేధం ఊరంతటికీ ఒకటే. కానీ శాశ్వతంగా మెటల్ డిటెక్టర్లున్న భవనాలు సుమారు 88. నగరంలో స్కూళ్ళు పదిహేడు వందలకి పైగా. డిటెక్టర్ లేని చోట పాత ఒప్పందమే, నువ్వు చూపించకు నేను చూడను. ఫోను బ్యాగులో పెట్టుకుని పిల్లలు హాయిగా వెళ్ళేవాళ్ళు. డిటెక్టర్లు ఉన్నవి ఏ పేటల్లోనో వేరే చెప్పక్కర్లేదు. బ్రాంక్స్‌లో, బ్రూక్లిన్‌లో పేదవాళ్ళు, నల్లవాళ్ళు, లాటినోలు ఎక్కువగా చదివే హైస్కూళ్ళు. అంటే కాగితం మీద పదకొండు లక్షల మందికి నిషేధం, రోజుకో డాలరు కట్టింది మాత్రం ఆ పిల్లలే.

2012లో ఒక న్యూయార్కు పత్రిక లెక్కవేసి, ఇలా పిల్లలు కడుతున్నది ఏడాదికి 42 లక్షల డాలర్లని రాసింది. స్కూలు పనిదినాలు 180 వేసుకుంటే రోజుకి ఇరవైమూడు వేల మంది పిల్లలన్నమాట. ఒక్కో పిల్లాడికి ఏడాదికి 180 డాలర్లు. ఇంట్లో ఇద్దరుంటే 360. మధ్యాహ్న భోజనం ప్రభుత్వం ఉచితంగా పెడుతున్న ఇళ్ళ పిల్లలు వీళ్ళు. పోనీ డబ్బు కడితే భద్రమా అంటే అదీ లేదు. అదే ఏడాది జూన్‌లో బ్రాంక్స్‌లో క్రిస్టఫర్ కొలంబస్ స్కూళ్ళ ప్రాంగణం దగ్గర ఒక ఫోన్ల వ్యానుని దొంగలు తుపాకులతో బెదిరించి, అందులో ఉన్న పిల్లల ఫోన్లన్నీ ఎత్తుకుపోయారు. పిల్లల భద్రత కోసం మొదలైన తనిఖీ, దొంగలకి ఫోన్లన్నీ ఒక్కచోట పోగేసి పెట్టింది.

ఇంకో విడ్డూరం. 2008లో అదే విద్యాశాఖలో రోలాండ్ ఫ్రయర్ అనే హార్వర్డ్ ఆర్థికశాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. బ్రూక్లిన్‌లో ఏడు స్కూళ్ళలో దాదాపు 2500 మంది పిల్లలకి ఉచితంగా సెల్‌ఫోన్లు పంచారు. బాగా చదివితే, సరిగ్గా బడికొస్తే టాక్‌టైమ్ బహుమతి. ఫోనులోకి "చదువుకుంటే లాభం" అని మెసేజీలు వస్తాయి. కానీ ఆ ఫోను మాత్రం బడికి తేకూడదు! ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కోవడమంటే ఇదే.

ఇదంతా చదివి నేను నిషేధానికి వ్యతిరేకినని అనుకోకండి. మా పెదనాన్నగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాష్టారుగా ముప్ఫయ్యేళ్ళు పైగా చేసి రిటైరయ్యారు. ఆయనతో ఈ విషయం ఎత్తితే, "నువ్వు చెప్పే న్యాయాలన్నీ బాగానే ఉన్నాయిరా. ఒక్కసారి నలభైమంది తొమ్మిదో తరగతి పిల్లల ముందు నిలబడి త్రికోణమితి చెప్పి చూడు. ఒక్కడు తల దించాడంటే పక్కనున్న నలుగురూ వాడి ఒళ్ళోకే చూస్తారు" అన్నారు. "మరి లాక్కుంటే సరిపోతుందా పెదనాన్నా?" అనడిగా. "లాక్కుంటే నాకు కాపలా పని. పగిలితే వాళ్ళ నాన్న వచ్చి నా మీద పడతాడు. అసలు నా చేతికి రాకూడదు ఆ వస్తువు" అన్నారు. మాష్టారు అడిగేది నిషేధమే, కాకపోతే దాని బరువు తన నెత్తిన పెట్టొద్దంటున్నారు.

పరిశోధనలు కూడా ఆయన మాట కొంతవరకు బలపరుస్తాయి. 2015లో బీలండ్, మర్ఫీ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు ఇంగ్లండులో నాలుగు నగరాల్లో 91 స్కూళ్ళ పరీక్ష ఫలితాలు తీసి, ఫోన్లు నిషేధించిన ముందూ తర్వాతా పోల్చారు. నిషేధం తర్వాత మార్కులు కొంచెం పెరిగాయి. ఆ పెరుగుదల దాదాపు అంతా వెనకబడ్డ పిల్లల్లోనే. ఫస్టు ర్యాంకు వాడికి ఫోనున్నా లేకపోయినా తేడా లేదు. స్వీడన్లో ఇదే పద్ధతిలో మళ్ళీ చేస్తే (2020లో ప్రచురించారు) తేడా ఏమీ కనబడలేదు. 2025లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 30 స్కూళ్ళలో 1,227 మంది పిల్లల్ని చూస్తే, ఫోను నిషేధం ఉన్న స్కూళ్ళ పిల్లల మానసిక ఆరోగ్యం మిగతావాళ్ళకన్నా మెరుగ్గా ఏమీ లేదు. కాబట్టి నిషేధం సర్వరోగ నివారిణి కాదు. చదువులో వెనకబడ్డ పిల్లాడికి కొంత మేలు చెయ్యొచ్చు, అంతే. నా వరకు ఆ "కొంత" కూడా చాలు. కానీ న్యూయార్కులో డాలరు కట్టింది కూడా ఆ పిల్లాడే కదా, నా బాధ అక్కడ.

2013 ఎన్నికల్లో బిల్ డి బ్లాసియో ఈ నిషేధం ఎత్తేస్తానని మాటిచ్చాడు. 2015 జనవరిలో ప్రకటించి, మార్చి 2 నుంచి ఎత్తేశాడు. ఆయన చెప్పిన ప్రధాన కారణాలు రెండు. పిల్లలతో మాట్లాడే అవకాశం తల్లిదండ్రులకి ఉండాలి. పాత నిషేధం మెటల్ డిటెక్టర్లున్న పేద పిల్లల స్కూళ్ళ మీదే పడుతోంది. ఇకనుంచి ఏ స్కూలు ప్రిన్సిపాల్ ఆ స్కూలుకి నియమం పెట్టుకోవచ్చు, ఏమీ పెట్టుకోకపోతే ఫోను తేవచ్చు కానీ కనబడనివ్వకూడదు అన్నారు. వ్యాన్ల వ్యాపారం మూతపడింది.

అప్పటికి దేశమంతా అదే గాలి. అమెరికా విద్యాశాఖ గణాంకాల ప్రకారం 2009-10లో నూటికి 91 ప్రభుత్వ స్కూళ్ళు ఫోను వాడకాన్ని నిషేధిస్తే, 2015-16కి అది 66కి తగ్గింది. తమాషా ఏంటంటే, సరిగ్గా ఆ అయిదారేళ్ళలోనే పిల్లల చేతిలో వస్తువు మారిపోయింది. 2006లో వాళ్ళు దాచుకున్నది మూత తెరిచి మాట్లాడే ఫోను, మహా అయితే మెసేజీలు. 2015లో దాచుకున్నది ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్, కెమెరా. తీవ్రమైన నిషేధం ఉన్నప్పుడు ఫోను పెద్ద ప్రమాదమేం కాదు, ప్రమాదం అయ్యే వేళకి నిషేధం ఎత్తేశారు. మనమే వెనక ఉండి, మనం రాసే యాప్‌లే ముందుండి చేసిన పని ఇది :) నోటిఫికేషన్ ఎన్ని గంటలకి పంపితే ఎక్కువమంది తెరుస్తారో పరీక్షించి చూసుకునే వృత్తి మనది. తెరిచినవాడు క్లాసులో ఉన్నాడా లేదా అన్నది ఏ డ్యాష్‌బోర్డులోనూ కనబడదు.

ఫ్రాన్సు అప్పటికే 2010లో పాఠం జరిగేటప్పుడు ఫోను వద్దని చట్టం చేసింది, 2018లో ఇంటర్వెల్‌కి కూడా వర్తించేలా పదిహేనేళ్ళ లోపు పిల్లల స్కూళ్ళన్నిటికీ విస్తరించింది. మన సీబీఎస్‌ఈ కూడా 2009లోనే స్కూళ్ళకి సెల్‌ఫోన్లు తేవద్దని సర్క్యులర్ ఇచ్చింది.

సర్క్యులర్ల సంగతి ఎలా ఉన్నా, మన పిల్లలు నిజంగా అనుభవించిన నిషేధం రెసిడెన్షియల్ కాలేజీలది. నేను ఇంటర్ చదివిన కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఆరువందల మందికి మూడు కాయిన్ బాక్సులు. ఆదివారం సాయంత్రం రెండు గంటల టైము, ఒక్కొక్కడికీ అయిదు నిమిషాలు. లెక్క మీరే వేసుకోండి. ఎనిమిది వారాలకోసారి నంబరొస్తే గొప్ప. వార్డెన్ దగ్గర మాత్రం రెండు సెల్‌ఫోన్లుండేవి. మొబైల్ పట్టుబడితే గోడకేసి కొట్టడం ఆ రోజుల్లో పెద్ద వార్తేమీ కాదు. ఫోను లేనందుకు నేను చదివానా అంటే చదివాననే చెప్పాలి. మా రూములో ఒకడికి వాళ్ళ తాతగారు పోయిన సంగతి నాలుగో రోజున తెలిసింది. అది కూడా నిజమే.

ఇలాంటి విషయమే 2019లో కేరళ హైకోర్టుకి వెళ్ళింది. కోజికోడ్ జిల్లాలో ఒక కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా ఫోన్లు అప్పగించాలన్నారు. ఒక బి.ఎ. విద్యార్థిని ఒప్పుకోలేదు, హాస్టల్లోంచి తీసేశారు. ఆ పిల్ల కోర్టుకెళ్ళింది. ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులో భాగమని, ఆ అమ్మాయిని మళ్ళీ హాస్టల్లో చేర్చుకోవాలని సెప్టెంబర్లో తీర్పొచ్చింది. ఆ తర్వాత ఆరునెలలకే కరోనా. వద్దువద్దన్న ఫోనే బడి అయి కూర్చుంది. 2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో ప్రభుత్వ స్కూళ్ళ పిల్లలకి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలుపెట్టారంటే, అందరిళ్ళలో స్మార్ట్‌ఫోను ఉండదని తెలిసే కదా.

ఆంధ్రప్రదేశ్ కథ మరీ గమ్మత్తు. 2022 ఆగస్టులో ప్రభుత్వ టీచర్లు తమ సొంత ఫోనులో యాప్ వేసుకుని ముఖం చూపించి హాజరు వేసుకోవాలన్నారు. మా ఫోన్లెందుకు, పరికరాలు మీరివ్వండి అని సంఘాలు గొడవ చేశాయి. డిసెంబర్లో ఎనిమిదో తరగతి పిల్లలకీ టీచర్లకీ కలిపి సుమారు 5 లక్షల ట్యాబులు, బైజూస్ పాఠాలతో సహా పంచారు. (ఆ కంపెనీ 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది.) 2023 జూలైలో యునెస్కో తన నివేదికలో బళ్ళలో స్మార్ట్‌ఫోన్ల వల్ల వచ్చే ఇబ్బందుల్ని ప్రస్తావించింది, ప్రపంచంలో నాలుగోవంతు కన్నా తక్కువ దేశాలే వాటిని నిషేధించాయని చెప్పింది. ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పిల్లలు ఫోన్లు తేకూడదని, టీచర్లు క్లాసులోకి వెళ్ళేముందు ఫోను హెడ్మాష్టరుకి అప్పగించాలని ఆదేశించింది. ఏడాదిలో మూడు ఆదేశాలు, మూడూ మూడు దిక్కులకి. బ్రూక్లిన్‌లో ఫోన్లు పంచిన కథ గుర్తొచ్చిందా?

సరే, న్యూయార్కుకి వద్దాం. 2024 మార్చిలో జొనాథన్ హైట్ పుస్తకం 'ది యాంగ్షస్ జనరేషన్' వచ్చాక అమెరికాలో రెండు పార్టీల వాళ్ళూ ఫోను నిషేధం మీద ఏకమయ్యారు (ఇది అక్కడ అరుదైన సంగతి). కాలిఫోర్నియా, అదే 1988లో పేజర్లు నిషేధించి 2002లో సడలించిన కాలిఫోర్నియా, 2024లో ప్రతి జిల్లా ఫోన్ల మీద ఆంక్షలు పెట్టి తీరాలని చట్టం చేసింది. న్యూయార్కు రాష్ట్రం 2025 మేలో బడ్జెట్‌తో పాటు చట్టం చేసి, సెప్టెంబర్ నుంచి పొద్దున గంట కొట్టిన దగ్గర్నుంచి సాయంత్రం గంట కొట్టేదాకా, భోజన సమయంలో కూడా, స్మార్ట్‌ఫోన్లు వాడకూడదంది.

పైకి చూస్తే బ్లూమ్‌బర్గ్ కాలం తిరిగొచ్చినట్టే. చట్టంలో ఉన్న మిగతా లైన్లు చదివితే కాదని తెలుస్తుంది. ఫోను ఎక్కడ పెట్టాలో ఏర్పాటు స్కూలే చెయ్యాలి. దానికి సాయంగా రాష్ట్రం 1 కోటి 35 లక్షల డాలర్లు కేటాయించింది. బడి వేళల్లో తల్లిదండ్రులు పిల్లల్ని అందుకోవడానికి ఒక మార్గం స్కూలు ఇచ్చి తీరాలి. ఇంటర్నెట్ లేని మామూలు ఫోనుకి ఈ నిషేధం వర్తించదు. షుగర్ ఉన్న పిల్లలకి, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి, ఇంగ్లీషు రాక అనువాదం కావలసినవాళ్ళకి మినహాయింపు. కేవలం ఫోను వాడినందుకే ఎవర్నీ సస్పెండ్ చెయ్యకూడదు. అన్నిటికన్నా నాకు నచ్చింది - ఎవరి మీద చర్యలు తీసుకున్నారో, వాళ్ళు ఏ వర్గం పిల్లలో స్కూళ్ళు ఏటా నివేదిక ప్రచురించాలి, తేడాలుంటే ఎలా సరిదిద్దుతారో రాయాలి. 2006లో ఇదొక్కటి ఉండుంటే ఆ 88 భవనాల సంగతి మొదటి ఏడాదే బయటపడేది.

మనలో బ్యాంకు ప్రాజెక్టుల్లో పనిచేసినవాళ్ళకి ఇది కొత్త కాదు. ఓడీసీలోకి ఫోను తీసుకెళ్ళనివ్వరు. అయినా ఎవడూ కోర్టుకెళ్ళలేదు, ఎవడూ ధర్నా చెయ్యలేదు. ఎందుకంటే తలుపు పక్కన నా పేరుతో లాకరుంటుంది, తాళం నా దగ్గరుంటుంది, లోపల డెస్కు మీద ల్యాండ్‌లైనుంటుంది, ఆ నంబరు మా ఇంట్లో ఫ్రిజ్ మీద రాసుంటుంది. కంపెనీ మన మీద ప్రేమతో పెట్టింది కాదు. ఇవి పెట్టకపోతే మొదటివారంలోనే సగంమంది వేరే ప్రాజెక్టు అడుగుతారని పెట్టింది. పిల్లలకి ఆ వీలు లేదు, వేరే స్కూలు అడగలేరు. అందుకే వాళ్ళ విషయంలో అది చట్టంలో రాయాల్సి వచ్చింది.

అన్ని భయాలూ దీంతో తీరిపోలేదు లెండి. 2022లో టెక్సాస్‌లోని ఉవాల్డేలో దుండగుడు ఉన్న గదిలోంచే నాలుగో తరగతి పిల్లలు 911కి ఫోను చేశారు. ఆ సంగతి తెలిసిన ఏ తల్లికైనా ఫోను సంచిలో పెట్టి తాళం వెయ్యమంటే చెయ్యాడదు. అలాంటప్పుడు ఫోను చూసుకుంటూ కూర్చుంటే పిల్లలు టీచరు చెప్పేది వినరు, శబ్దం చేస్తుంది, ఉన్నచోటు బయటపడుతుంది అని భద్రతా నిపుణులు చెబుతారు. తుపాకులు ఆ స్థాయిలో లేని మన దేశంలో ఆ చిక్కు మనకి లేదు. మనకున్న చిక్కల్లా చాలా చిన్నది. పిల్లకి జ్వరమొస్తే ఇంటికి ఎవరు చెబుతారు, ఆటో రాకపోతే ఆ సంగతి పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది.

మీ పిల్లల స్కూల్లో ఫోను నిషేధం ఉందా? ఉంటే మంచిదే. రేపు మధ్యాహ్నం లంచ్ టైములో డైరీ మీద అచ్చేసిన ఆ ఆఫీసు నంబరుకి ఒకసారి ఫోన్ చేసి చూడండి, ఎన్ని రింగులకి ఎత్తుతారో.